నోటి దారిన వచ్చిన గడ్డ: రాయ్‌పూర్‌లో పన్నెండు రోజులు

రాయ్‌పూర్ వెళ్ళి వచ్చానంటే మా బొబ్బిలిలో ఎవరూ ప్రత్యేకంగా చూడరు. వీధికొక ఇంటి మనిషి అక్కడ రైల్వేలో ఉన్నాడు. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ రైలెక్కడం మావాళ్ళకు అలవాటే. అయినా ఇది రాయడానికి ఒక కారణం ఉంది. ఆ ఊళ్ళో నేను మావాళ్ళెవరూ చూడని చోటొకటి చూశాను. అది మా అక్క కడుపు లోపల.

నాది సైకిల్ షాపు. బడిలో ఎనిమిదితో ఆపేశాను. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలో, మధ్యాహ్నం షాపు మూసిన మూడు గంటల్లో జరిగింది. ఇంగ్లీషు కూడా అక్కడే, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఈ సంగతి మా బావకు తెలుసు గనకే ఉత్తరంలో ఇలా రాశాడు: "మీ అక్కకి కడుపులో చిన్న గడ్డ ఉందట. ఒంట్లో రక్తం లేదు. ఇక్కడ పెద్ద డాక్టరొకడు పొట్ట కోసి, కడుపులో కొంత ముక్క తీసీయాలంటున్నాడు. దేవేంద్ర నగర్‌లో ఒక డాక్టరమ్మ, ఆగండి, నాగపూర్ నుంచి నెలకోసారి ఒకాయన వస్తాడు, గడ్డకి కాడ ఉంటే నోట్లోంచే తీసీగలడు అంటోంది. అది క్యాన్సరో కాదో తీశాకే తెలుస్తాదట. పుస్తకాలు చదివినోడివి, నువ్వు రా."

మూడు రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. కడుపులోకి మొట్టమొదట గొట్టం దించి చూడాలనుకున్న జర్మన్ వైద్యుడు కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించాడట. ఆ గొట్టం వంగేది కాదు. తర్వాత వెంట్రుకకన్నా సన్నని గాజుపోగులు వేలకువేలు కట్టగట్టి, వంగే గొట్టం చేశారు. వెలుగు ఆ పోగుల్లో ఎన్ని వంపులైనా తిరిగి వస్తుంది. జపాన్‌వాళ్ళకు కడుపు క్యాన్సర్ ఎక్కువ కాబట్టి ఈ విద్యలో వాళ్ళే ముందున్నారు. ఇదంతా నోటుబుక్కులో ఎక్కించుకుని బయల్దేరాను.

రాయగడ దాటాక

ప్యాసింజరు బండి తీరిగ్గా పోయింది. పార్వతీపురంలో ఒక కంచు సామాన్ల వ్యాపారి నా ఎదురుగా కూర్చున్నాడు. వయసు అరవై దాటి ఉంటుంది. గోనెసంచిలో చెంబులు గలగలలాడుతుంటే ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎక్కడికని అడిగాడు, చెప్పాను. గొట్టం సంగతి కూడా చెప్పాను. రాయగడ సొరంగాలు దాటేదాకా చెప్పాను.

"అయితే బాబూ, గొట్టం లోపలికెళ్తాది. లోపల చీకటి గదా?"

"దీపం ఉంటుంది."

"నూనె ఎవుడు పోస్తాడు?"

పెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, గాజుపోగుల సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ముసలాయన ఓపిగ్గా విని, "నువ్వు చెప్పింది నాకు ఎక్కలేదు గానీ, మీ అక్కకి నువ్వున్నావు, అది చాలు" అన్నాడు. టిట్లాగఢ్‌లో రెండు రూపాయల ఉల్లిపాయ పకోడీ దొన్నెలో కొని సగం నా చేతిలో పెట్టాడు. మా పకోడీ కరకరలాడుతుంది, వాళ్ళది మెత్తగా, జీలకర్ర వాసనతో ఉంటుంది. మెత్తనిదే బాగుందని ఒప్పుకోవడానికి మరొక దొన్నె పట్టింది.

క్వార్టర్లలో

బావ వాగన్లు బాగుచేసే రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. క్వార్టర్ల వరసలో ఒక ఇంట్లో మన భాష, పక్కింట్లో హిందీ, ఆ పక్కన ఛత్తీస్‌గఢీ. పొద్దున్న కుళాయి దగ్గర మూడూ కలిసి ఒకటే గోలగా వినిపిస్తాయి. ఆ ఊరి ఉదయపు ఫలహారం అటుకుల ఉప్మా, పక్కన జిలేబీ. పొద్దున్నే కారం, తీపి కలిపి తినడం మా ఊళ్ళో అలవాటు లేదు. ఇక్కడ రిక్షావాడి దగ్గర్నుంచి గుమాస్తాదాకా నిలబడి అదే తింటారు. రెండో రోజుకు నాకూ అదే కావాల్సివచ్చింది.

అక్క పైడమ్మ నాకన్నా ఆరేళ్ళు పెద్ద. పెదవులు సున్నం రాసినట్టున్నాయి. నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుంది.

"ఏటిరా చిన్నోడా, అలా చూస్తావు? దెయ్యాన్నేటి?"

"ఏం లేదక్కా."

"పొట్ట కోసీస్తే మరి పిడికెడు పిడికెడే తినాలట గదా, బతికినన్నాళ్ళూ. పక్కింటి పాండేజీ భార్య చెప్పింది."

"కొయ్యరు. నోట్లోంచి తీస్తారు" అన్నాను, నోటుబుక్కు తెరుస్తూ.

"అరే యార్, ముందు అన్నం తిననీ" అన్నాడు బావ.

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఆ సాయంత్రం నేనే అందరికీ చదివి వినిపించాను. మర్నాడు తెల్లవారినప్పటినుంచి ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు. అక్క అడిగింది: "మరి మిగతా పనులో?"

"తినడం తాగడం తప్ప రోజూ చేసేవన్నీ చెయ్యి" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

దేవేంద్ర నగర్

ఆసుపత్రి రెండంతస్తుల ఇల్లు. ముందు తులసికోట, వెనక జనరేటరు. నాగపూర్ డాక్టరు అప్పటికే వచ్చి ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి. చొక్కా చేతులు మడిచి, నీళ్ళ బేసినులో నల్లటి పొడుగు గొట్టాన్ని ముంచి, దాని చివర ఒక చిన్న పంపుతో గాలి కొడుతూ నీళ్ళలోకి తేరిపార చూస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"పంక్చర్ చూస్తున్నారా సార్?" అనేశాను హిందీలో.

ఆయన తలెత్తాడు. "మీకెలా తెలుసు?"

"నాది సైకిల్ షాపు. రోజుకు పది ట్యూబులు ఇలాగే ముంచుతాను."

డాక్టరు పగలబడి నవ్వాడు. గొట్టం తొడుగులో సూదిమొన అంత కన్నం పడినా నీళ్ళు లోపలికి పోయి పోగులు పాడవుతాయట. అందుకే వాడినప్పుడల్లా ఈ పరీక్ష. ఆ యంత్రాన్ని పెట్టెలో పెట్టి, రైల్లో ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళోనే ఉంచుకుని తెస్తాడని డాక్టరమ్మ చెప్పింది. పనిముట్టును అంత ప్రేమగా చూసుకునే మనిషి మీద నాకు వెంటనే నమ్మకం కుదిరింది. ఆయన కూడా నన్ను లోపల ఉండనిచ్చాడు. చూసే కంటిగొట్టానికి పక్కగా ఇంకో కంటిగొట్టం తగిలించి ఉంది, కొత్త డాక్టర్లకు నేర్పేటప్పుడు వాడతారట. "మీరు ఇందులో చూడండి, మెకానిక్ సాబ్" అన్నాడు.

గుడాకు

అక్కను ఎడమవైపు పడుకోబెట్టారు. గొంతులో మందు చల్లారు, పళ్ళమధ్య బిళ్ళ పెట్టారు, మత్తు సూది ఇచ్చారు. గొట్టం దిగింది. నేను చూశాను. గులాబీరంగు ముడతలకు బదులు గోధుమ నలుపు నీళ్ళు, చారలు చారలుగా.

డాక్టరు ముఖం మారిపోయింది. పక్కనున్న సీసాలోకి ఆ నీళ్ళు పీల్చాడు. నలుపు నీళ్ళే వచ్చాయి. "పాత రక్తం" అన్నాడు డాక్టరమ్మతో. "గడ్డ లోపల కారుతున్నట్టుంది. ఈ స్థితిలో నేను గడ్డ కోసే వైరు వెయ్యను. సర్జన్‌కి కబురు పెట్టండి."

అక్క కంటి చివరనుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. అవి భయంతో వచ్చిన కన్నీళ్ళనుకున్నాను.

సీసా ఖాళీ చెయ్యడానికి ఆయా వచ్చింది. పేరు బిసాహిన్ బాయి. బీర్‌గావ్‌నుంచి రోజూ వస్తుంది. సన్నటి మనిషి, చేతులకు గాజులకన్నా ఎక్కువ పచ్చబొట్లు. సీసా పట్టుకుని రెండడుగులు వేసి ఆగింది. మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఏ హ ఖూన్ నోహే సాహెబ్" అంది. "గుడాకు ఆయ్."

రక్తం కాదు, గుడాకు. డాక్టరుకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. బిసాహిన్ నడుము దగ్గర చీరకుచ్చెళ్ళలోంచి ఒక చిన్న రేకు డబ్బీ తీసి మూత తెరిచి ఆయన ముక్కు కింద పెట్టింది. పొగాకూ బెల్లపు మడ్డీ కలిపి నూరిన నల్లటి ముద్ద. ఆ ప్రాంతంలో ఆడవాళ్ళు సగంమంది పొద్దున్నే వేలితో దాన్ని చిగుళ్ళకు రుద్దుకుంటారట. డాక్టరు డబ్బీ వాసన చూశాడు, సీసా వాసన చూశాడు. తర్వాత అక్క చెవి దగ్గర వంగి హిందీలో మెల్లగా అడిగాడు: "అమ్మా, పొద్దున్న ఇది పెట్టుకున్నారా?"

అక్క కళ్ళు మూసుకుని తలాడించింది.

డాక్టరు ఎవరినీ తిట్టలేదు. గొట్టంగుండా నీళ్ళు పంపి కడిగాడు. కడిగిన కొద్దీ నీళ్ళు తేటపడ్డాయి, కొత్తగా రక్తమేదీ ఊరలేదు. "సర్జన్ అక్కర్లేదు. కానీ పొగాకుతో నాడి పరిగెడుతోంది. ఇవాళ వద్దు. రేపే నాకు ఆఖరి రోజు, మొదట ఈమెనే చూస్తాను." సీసా ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డ బిసాహిన్ వైపు తిరిగి, "బాయీ, నాకు ఇది ఏ కాలేజీలోనూ చెప్పలేదు" అని చేతులు జోడించాడు. ఆమె సిగ్గుపడి కొంగు నోట్లో పెట్టుకుంది.

మత్తు దిగాక మంచం దగ్గర పంచాయతీ మొదలైంది.

"ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను. గుడాకు పెడతావని నాకు తెలీదు!" అన్నాడు బావ.

"నీకేటి తెలుసు? ఉప్పు డబ్బా ఎక్కడుంటాదో తెలుసా?"

"నోరు చూడు, ఇంకా మొద్దుబారే ఉంది, అయినా ఆగదు."

"మరి ఇవాళేనా మానాల్సింది కాదా అక్కా?" అన్నాను.

అక్క నావైపు తిరిగింది. "నువ్వే గదరా, తినడం తాగడం తప్ప రోజూ చేసేవన్నీ చెయ్యమన్నావు! అది తినడమేటి? తాగడమేటి? భయమేసి మూడుసార్లు పెట్టాను. ఉమ్మడానికి లేవలేక మింగీసాను."

ఎన్ని పుస్తకాలు తిరగేసినా అక్క పొద్దున్నే ఏం చేస్తుందో నేనొక్కసారీ అడగలేదు.

కాసేపటికి ఆమే చెప్పింది. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఒక్క ముక్క హిందీ రాదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకుంటుంటే బిందె పట్టుకుని దూరంగా నిలబడేది. ఒక రోజు ఒకావిడ డబ్బీ తెరిచి చాపింది. అక్క వేలు పెట్టి తీసుకుంది. మర్నాటినుంచి కుళాయి గట్టుమీద ఆమెకు చోటు దొరికింది. "మీ బావకన్నా ముందు ఈ ఊళ్ళో నాతో సావాసం చేసింది ఆ డబ్బీయేరా" అంది. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఆ రాత్రి బిసాహిన్ డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళలేదు. అక్క మంచం పక్కన నేలమీద పడుకుంది. "తెల్లారి ఈమె చెయ్యి డబ్బీకోసం వెతుకుతుంది, నాకు తెలుసు. నాదీ అదే చెయ్యి" అంది.

లోపలి దారి

మర్నాడు నేను చూసింది ఉన్నదున్నట్టు రాస్తాను.

మొదట బొమ్మ జల్లెడలోంచి చూస్తున్నట్టు చుక్కలు చుక్కలుగా ఉంది. అక్కడక్కడ నల్లటి చుక్కలు. ఒక్కొక్క చుక్కా తెగిన ఒక గాజుపోగట. డాక్టరు గాలి ఊదాడు. మడతలు మెల్లగా విడిపోయాయి. తడిగా, గులాబీ రంగులో, తెల్లవారుజాము ఆకాశంలా మెరిసే గది అది. మా అక్క నలభై ఎనిమిదేళ్ళుగా మోస్తున్న గది. ఇంత అందంగా ఉంటుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

ఆ గోడకు ఒకచోట ఎర్రగా, రేగుపండంత గడ్డ.

"కాడ ఉందా సార్?" అన్నాను.

డాక్టరు గొట్టం మొన చుట్టూ తిప్పాడు. గడ్డ ఒకపక్కకు ఒరిగింది. దాని కింద పొట్టి మెడ కనబడింది. "ఉంది" అన్నాడు.

గొట్టంలోని సందుగుండా సన్నటి ప్లాస్టిక్ తొడుగు బయటికొచ్చింది. అందులోంచి తీగ ఉచ్చు తెరుచుకుంది. సైకిల్ బ్రేకు వైరు తొడుగులో ఎలా జారుతుందో అచ్చం అలాగే. ఇక్కడ నర్సమ్మ పిడి నొక్కితే అక్కడ ఉచ్చు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. డాక్టరు "ఖోలో" అంటే తెరిచింది. "ధీరే... ధీరే బంద్" అంటే దగ్గరికి లాగింది. ఉచ్చు మొదటిసారి జారిపోయింది. రెండోసారీ జారింది. మూడోసారి మెడకు పడింది. డాక్టరు కాలికింద పెడల్ తొక్కాడు. కరెంటు పారిన చోట మెడ తెల్లబడింది, చిటికెడు పొగ లేచింది. గడ్డ రాలి మడతల్లోకి దొర్లి కనబడకుండా పోయింది.

తెగిన చోట ఒక ఎర్రటి చుక్క ఊరింది. పెద్దదైంది. కారింది.

డాక్టరు గొట్టాన్ని అక్కడే నిలిపాడు. ఆయన నుదుటిమీది చెమటను డాక్టరమ్మ తుడిచింది. అక్క తల దగ్గర నిలబడ్డ బిసాహిన్ ఆమె జుట్టు నిమురుతూనే ఉంది. నేను ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టి లెక్క తప్పాను. చుక్క ఆగింది. ఇంకా చూశాడు. ఆగిపోయింది.

తర్వాత గడ్డకోసం వెతుకులాట. అది దొరక్కపోతే పరీక్షకు ఏం పంపుతారు? మడత మడతా తిప్పి, అడుగున నీళ్ళలో దాక్కున్నదాన్ని పట్టుకుని, గొట్టం మొనకు పీల్చి అంటించుకుని, అలాగే మెల్లగా, గొంతు దాకా, నోటి దాకా తెచ్చాడు. మందు సీసాలో వేశారు. లోపల రేగుపండంత కనబడ్డది బయట బఠాణీ గింజంతే ఉంది.

పొట్టమీద గీత కూడా లేదు. సాయంత్రానికి అక్క చల్లటి పాలు తాగింది. డాక్టరు చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాను. ఆయన తొందరలో గొట్టాన్ని మళ్ళీ బేసినులో ముంచుతున్నాడు. నన్ను చూసి, "మెకానిక్ సాబ్, బుడగలొస్తున్నాయేమో చూడండి" అన్నాడు. ఇద్దరం చూశాం. రాలేదు.

అభన్‌పూర్ చిన్న రైలు

పరీక్ష ఫలితానికి వారం పడుతుందన్నారు. ఆ వారంలో ఇంట్లో ఎవరూ క్యాన్సర్ అన్న మాట పలకలేదు. పలక్కపోవడమే పెద్ద శబ్దంగా ఉండేది. "ఇంట్లో కూకుని నా మొహం చూడకు. ఎక్కడికేనా పో" అని అక్క నన్ను తరిమింది.

ధమ్తరీ వైపు పోయే చిన్న రైలెక్కి అభన్‌పూర్ వెళ్ళాను. పట్టాల మధ్య రెండడుగుల చిల్లరే ఉంటుంది. పెట్టెలు పెళ్ళిలో పిల్లల పల్లకీల్లా ఊగుతాయి. వరికోత పొలాల్లో ఎవరైనా చెయ్యెత్తితే డ్రైవరు ఆపినా ఆశ్చర్యం లేదన్నట్టు నడిచింది. స్టేషను బయట ఒకావిడ బియ్యప్పిండి అట్లు పోస్తోంది. చీలా అంటారు. మన అట్టులో మినప్పప్పు పడాలి, వీళ్ళకు బియ్యమే చాలు. టమాటా పచ్చడితో రెండు తిన్నాను, రూపాయిన్నర. ఎందుకొచ్చావని అడిగింది. మా అక్క రిపోర్టుకోసం ఎదురుచూస్తున్నానన్నాను. ఆవిడ మూడో అట్టు వేసి డబ్బు తీసుకోలేదు.

తిరిగి వచ్చేసరికి బిసాహిన్ ఇంట్లో ఉంది. మా క్వార్టర్లు బీర్‌గావ్ దారిలోనే, రోజూ దిగి పలకరించి పోయేది. ఆ రోజు గిన్నెలో బాసి తెచ్చింది, అంటే నీళ్ళలో నానేసిన రాత్రి అన్నం. మన చద్దన్నమే గాని వీళ్ళు అందులో మజ్జిగకన్నా నీళ్ళకే విలువిస్తారు. మెత్తగా, చల్లగా, కారం లేకుండా. డాక్టరు తినమన్నది సరిగ్గా అలాంటిదే. అక్క గిన్నె ఖాళీ చేసింది. గుడాకు డబ్బీలు ఇద్దరివీ ఏమయ్యాయని నేనడగలేదు. బావ అడిగితే, "ఆడోళ్ళ సంగతి నీకెందుకు, జీ?" అని ఇద్దరూ ఒక్కటయ్యారు.

కవరు

ఫలితం వచ్చిందని కబురు రాగానే ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ ఇంకో రోగితో ఉంది. గుమాస్తా కవరు బావ చేతికిచ్చాడు. బావ దాన్ని నావైపు చాపాడు.

"చదువు యార్. ఇంగ్లీషులో ఉంటాది. ఇందుకే గదా నిన్ను పిలిచింది."

కవరు తీసుకున్నాను. చదవడానికి దొరికినదేదీ నేను చదవకుండా వదిలినవాణ్ణి కాదు. కిరాణా పొట్లం కాగితాలు కూడా. కానీ నా వేలు అంచుమీదే ఆగిపోయింది. "డాక్టరమ్మే చదవనీ బావా" అని తిరిగి ఇచ్చేశాను.

అప్పుడే బిసాహిన్ తడిగుడ్డ బకెట్టులో పడేసి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రెండో చేతిలో మూత బిగించిన చిన్న ఇత్తడి చెంబు. అక్క పక్కన బెంచీమీద కూర్చుంది. "చల్ బహినీ, గంగాజల్ బద్ లేథన్" అంది.

పద చెల్లీ, గంగాజల్ కట్టుకుందామంటోందని బావ నాకు చెప్పాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు గంగనీళ్ళు ఒకరి చేతిలో ఒకరు పోసి తాగితే తోబుట్టువులకన్నా దగ్గరవుతారు. ఇక జన్మలో ఒకరినొకరు పేరుతో పిలవరు, "గంగాజల్" అనే పిలుస్తారు. ఒకరి ఇంటి మంచిచెడ్డలు రెండో ఇంటివి కూడా. మా జిల్లాల్లో నేస్తం కట్టుకోవడం ఉంది గదా, అదే. కాకపోతే మనం పేర్లు వదలం.

అక్క కవరువైపు చూపించి, "రిపోర్టు చూశాక కట్టుకుందాం" అంది హిందీలో.

బిసాహిన్ తల అడ్డంగా ఊపింది. "తర్వాతైతే మంచి వస్తే సంతోషంకొద్దీ అంటావు, చెడు వస్తే నేను జాలికొద్దీ అన్నానంటావు. ఇప్పుడైతే నువ్వూ నేనే."

అక్క చెయ్యి చాపింది. ఆసుపత్రి వరండాలో, ఫినాయిలు వాసనలో, ఇద్దరూ నీళ్ళు పోసుకుని తాగారు. అక్క నోరు తెరిచి, మొదటిసారి అనేటప్పటి తడబాటుతో, "గంగాజల్" అంది.

డాక్టరమ్మ పిలిచింది. చిన్న గది. "రోగితో ఇంటివాళ్ళు ఇద్దరు చాలు. బాయీ, నువ్వు పని చూసుకో" అంది.

బిసాహిన్ కదల్లేదు. "మైఁ ఘర్ కే ఆంవ్" అంది. నేను ఇంటిమనిషినే.

డాక్టరమ్మ మావైపు చూసింది. ఇద్దరే అంది గదా. బావ ఉన్నాడు. నేను లేచి బయటికి వచ్చి తెర ఇవతల నిలబడ్డాను.

కవరు చింపిన చప్పుడు వినబడింది. డాక్టరమ్మ ఇంగ్లీషులో తనలో తాను చదువుకుంటోంది. చాలాసేపు. ఆ మాటలన్నీ నోటుబుక్కులో నా దగ్గరున్నాయి, ఒక్కటీ పట్టుబడలేదు. తర్వాత హిందీలో, ఆరు నెలలకు ఇంకోసారి గొట్టంతో చూడాలి అంది. ఇంకేదో మెల్లగా అంది, వినబడలేదు.

గాజుల గలగల.

అప్పుడు బిసాహిన్ గొంతు, వరండా చివరిదాకా వినబడేలా:

"సునే గంగాజల్? నఇ హే! క్యాన్సర్ నఇ హే!"

లేదు. క్యాన్సర్ లేదు.